గాలిని అడగని దారి

అమెరికాలో మనవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారంటే ముందుగా గుర్తొచ్చే పేర్లలో న్యూజెర్సీ ఒకటి, కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ప్రాంతం ఇంకొకటి. ఒకటి తూర్పు తీరం, రెండోది పడమటి తీరం. ఈ రెండింటినీ ఒకే రోడ్డు కలుపుతుంది. దాని పేరు ఇంటర్‌స్టేట్ 80. అందరూ ఐ-80 అంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి పదకొండు రాష్ట్రాల మీదుగా సాగి న్యూజెర్సీలో టీనెక్ అనే ఊరి దగ్గర ఆగుతుంది. పొడవు సుమారు 2,900 మైళ్లు, అంటే నాలుగువేల ఆరువందల కిలోమీటర్లకు పైమాటే. ఉద్యోగం మారి సామానంతా కారుకెత్తుకుని ఒక తీరం నుంచి ఇంకో తీరానికి వెళ్లే మన పిల్లలు చాలామంది ఏదో ఒక రోజున ఈ రోడ్డు ఎక్కవలసిందే.

ఈ రోడ్డు మధ్యలో వైయోమింగ్ అనే రాష్ట్రం వస్తుంది. అక్కడ దీని పొడవు 403 మైళ్లు, దాదాపు 650 కిలోమీటర్లు. వైయోమింగ్ విస్తీర్ణం రెండు లక్షల యాభై మూడు వేల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిస్తే రెండు లక్షల డెబ్భై అయిదు వేలు. అంటే మన రెండు రాష్ట్రాలూ కలిసినంత నేల అనుకోండి. అంత నేల మీద 2020 జనాభా లెక్కల ప్రకారం ఉన్నది 5,76,851 మంది. మనకు ఒక మోస్తరు జిల్లాలోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. పశువుల మందలు, బొగ్గు గనులు, సహజవాయువు బావులు, ఎండుగడ్డి మైదానాలు, వాటి మీద ఎప్పుడూ వీచే గాలి. అదీ ఆ రాష్ట్రం.

ఇంత ఖాళీ నేల మీద రోడ్డు వేయడానికి ఏం కష్టం, గీత గీసినట్టు వేసుకుంటూ పోవచ్చు కదా అనిపిస్తుంది. సరిగ్గా అలాగే అనుకుని ఒకచోట గీత గీశారు. ఆ గీతకు యాభై ఏళ్లు దాటినా ఇప్పటికీ మూల్యం చెల్లిస్తున్నారు. ఈ పూట నేను మీకు చెప్పదలచుకున్నది ఆ గీత గురించే. లారమీ అనే పట్టణం నుంచి పడమరగా వాల్కాట్ జంక్షన్ అనే చోటు దాకా ఉన్న 77 మైళ్ల ముక్క అది.

ముందు ఆ నేల స్వభావం కొంచెం తెలుసుకోవాలి. ఐ-80 వైయోమింగ్‌లో ఎక్కడా అయిదువేల అడుగుల కిందికి దిగదు. తూర్పు సరిహద్దులో పైన్ బ్లఫ్స్ అనే చిన్న ఊరే అయిదువేల అడుగుల పైన ఉంటుంది. రాజధాని షయెన్ ఆరువేల అడుగులు. ఆంధ్ర, తెలంగాణల్లో ఏ కొండ శిఖరమూ అంత ఎత్తు లేదు. షయెన్ దాటాక రోడ్డు ఇంకా పైకి ఎక్కి, షెర్మన్ సమ్మిట్ అనే చోట 8,640 అడుగులకు చేరుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూజెర్సీ దాకా మొత్తం ఐ-80 మీద అన్నిటికంటే ఎత్తయిన చోటు అదే. అక్కడ రాతి దిమ్మె మీద అబ్రహాం లింకన్ కంచు తల ఒకటి పెద్దది ఉంది. రాబర్ట్ రసిన్ అనే శిల్పి 1959లో చేశాడు. మొదట పాత రోడ్డు పక్కన ఉండేది. కొత్త రోడ్డు వచ్చాక 1969లో దాన్ని దీని పక్కకు తెచ్చి పెట్టారు.

అంత ఎత్తుకు రోడ్డు ఎక్కుతున్నా కారులో కూర్చున్నవాళ్లకు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టు తెలియదు. మెలికలుండవు. దానికి కారణం ఉంది. రాకీ పర్వతాల తూర్పు అంచున దాదాపు అన్నిచోట్లా మైదానానికీ కొండకూ మధ్య నేల కోసుకుపోయి, కొండ నిటారుగా లేస్తుంది. షయెన్‌కు పడమట ఒక్కచోట మాత్రం ఆ కోత పడలేదు. మైదానమే సన్నని వంతెనగా సాగి కొండ నెత్తి దాకా పోతుంది. దాన్ని గ్యాంగ్‌ప్లాంక్ అంటారు. 1865లో గ్రెన్‌విల్ డాడ్జ్ అనే సైనికాధికారి దాన్ని గుర్తించాడు. తర్వాత ఆయనే యూనియన్ పసిఫిక్ రైల్వేకు చీఫ్ ఇంజనీరు అయ్యాడు. 1867లో రైలు షయెన్ చేరింది, ఆ మరుసటి ఏడు ఆ మెట్ట మీదుగానే కొండెక్కింది. నూరేళ్ల తర్వాత ఐ-80 కూడా అదే మెట్ట పట్టుకుంది. నేల తానుగా చూపిన దారిని రైలూ పాటించింది, రోడ్డూ పాటించింది. అంతవరకూ బాగానే ఉంది.

ఆ దారిలోనే ఒక చిన్న విశేషం ఉంది. పెద్ద బండరాయి పగులులోంచి ఒక పైన్ జాతి చెట్టు పెరిగి నిలబడింది. రైలు కట్ట వేసేటప్పుడు ఆ చెట్టు కోసం పట్టాలు కాస్త పక్కకు జరిపారని, ఇంజన్ మనుషులు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దానికి నీళ్లు పోసేవారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. తర్వాత రైలు దారి వేరేచోటికి మారింది, పాత కట్ట రోడ్డయింది. ఇప్పుడు ఆ చెట్టు ఐ-80 రాకపోకల రెండు బాటల మధ్య భద్రంగా ఉంది. ఒక చెట్టు కోసం పక్కకు తప్పుకున్న దారి ఇది. లారమీ దాటాక ఇదే దారి ఒక కొండను పట్టించుకోలేదు.

లారమీ దాటాక రైలు ఏం చేసిందో చూడండి. నేరుగా పడమరకు పోలేదు. వాయవ్యంగా తిరిగి, రాక్ రివర్, మెడిసిన్ బో అనే ఊళ్ల మీదుగా పెద్ద వంపు తిరిగి, మళ్లీ నైరుతికి దిగి రాలిన్స్ చేరింది. వంపు ఎందుకంటే రైలుకు ఎత్తుపల్లాలు పనికిరావు, బొగ్గు కావాలి. ఆ వంపులోనే కార్బన్ అనే చోట 1868లో బొగ్గు తవ్వడం మొదలుపెట్టారు. 1913లో దేశంలో మొదటిసారిగా ఒక తీరం నుంచి ఇంకో తీరానికి మోటారు దారి కావాలని లింకన్ హైవే అనే పేరుతో రోడ్లను కలిపినప్పుడు అదీ రైలు వంపునే పట్టుకుంది. 1926లో దానికి యూఎస్ 30 అని నంబరు ఇచ్చారు. ఊళ్లన్నీ ఆ వంపు మీదే పుట్టి పెరిగాయి. మెడిసిన్ బోలో 1911లో కట్టిన వర్జీనియన్ హోటల్ ఇప్పటికీ ఉంది. ఓవెన్ విస్టర్ 1902లో రాసిన నవల పేరు దానికి పెట్టారు. పశువుల కాపరి కథానాయకుడుగా అమెరికాలో వచ్చిన నవలలకూ, ఆ తర్వాత సినిమాలకూ ఆ నవలే దారి వేసింది. కథ మొదలయ్యేది ఆ ఊళ్లోనే.

1919లో అమెరికా సైన్యం మోటారు బండ్ల వరస ఒకటి వాషింగ్టన్‌లో బయల్దేరి ఇదే లింకన్ హైవే మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్లింది. చేరడానికి రెండు నెలలు పట్టింది. బురద, ఇసుక, బరువుకు విరిగిపోయే చెక్క వంతెనలు. ఆ వరసలో డ్వైట్ ఐసన్‌హోవర్ అనే యువ అధికారి ఉన్నాడు. ఆయన దేశాధ్యక్షుడైనాక 1956 జూన్ 29న ఇంటర్‌స్టేట్ రోడ్ల చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ చట్టం ప్రకారం ఖర్చులో నూటికి తొంభై వంతులు కేంద్ర ప్రభుత్వం పెట్టుకుంటుంది. ప్రభుత్వ భూములు ఎక్కువున్న పడమటి రాష్ట్రాలకు ఇంకొంచెం ఎక్కువే ఇస్తుంది. పేద రాష్ట్రానికి ఇది పెద్ద వరం. అయితే డబ్బు ఇచ్చేవాడి మాటకు బరువెక్కువ. దేశం మొత్తాన్ని పటం మీద చూసేవాడికి మెడిసిన్ బో హోటల్‌లో రాత్రి ఎంతమంది బస చేస్తారన్నది లెక్కలోకి రాదు. రెండు చుక్కల మధ్య దగ్గరి దారి ఏదన్నదే ముఖ్యం.

లారమీ నుంచి వాల్కాట్ జంక్షన్‌కు దగ్గరి దారి మెడిసిన్ బో పర్వతాల పాదం వెంట, ఆర్లింగ్టన్ అనే చోటు మీదుగా, ఎల్క్ మౌంటెన్ అనే ఒంటరి శిఖరం పక్కనుంచి పోతుంది. పాత దారికంటే సుమారు ఇరవై మైళ్లు తగ్గుతుంది. వేలకు వేల లారీలు, ఏడాదికి ఏడాది, ఒక్కొక్కటి ఇరవై మైళ్లు తక్కువ నడిస్తే ఆదా అయ్యే పెట్రోలూ డీజిలూ కాలమూ లెక్కవేస్తే కాగితం మీద గెలుపు కొత్త దారిదే.

అక్కడి పశువుల రైతులు వద్దన్నారు. ఎల్క్ మౌంటెన్ పక్కన శీతకాలం ఎలా ఉంటుందో తరతరాలుగా అనుభవించినవాళ్లు వాళ్లు. ఆ దారి అసలు ఎవరూ నడవనిదా అంటే అదీ కాదు. 1862 నుంచి కొన్నేళ్లు ఓవర్‌లాండ్ ట్రెయిల్ అనే వలసబండ్ల బాట ఆ కొండ పాదం వెంటే నడిచింది. అయితే వలసబండ్లు వచ్చేది ఎండాకాలంలో, పశువులకు గడ్డి దొరికే రోజుల్లో. వేసవిలో మనుషులు నడిచిన దారి ఏడాది పొడుగునా లారీలు నడిచే దారికి పనికొస్తుందని చెప్పలేం.

అక్కడ గాలి సంగతి చెబుతాను. రాకీ పర్వతాల వరస ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. వైయోమింగ్ దక్షిణ భాగంలో మాత్రం ఆ వరస తెగిపోయి, ఎత్తయిన బయలు ఒకటి ఏర్పడింది. పసిఫిక్ వైపు నుంచి వచ్చే గాలికి వందల మైళ్ల వెడల్పున కొండలు అడ్డం. దాటడానికి వీలైన సందు ఇదొక్కటే. ఇంట్లో తలుపులన్నీ మూసి ఒక్క కిటికీ తీస్తే గాలి అంతా ఆ కిటికీలోంచే ఎంత ఉరవడిగా వస్తుందో మనకు తెలుసు. ఈ సందులోంచి వచ్చే గాలి ఎల్క్ మౌంటెన్ దగ్గర కొండల మధ్య ఇంకా ఇరుకై ఇంకా జోరందుకుంటుంది. చలికాలంలో గంటకు అరవై డెబ్భై మైళ్ల వేగం అక్కడ వింత కాదు. సరుకు దించేసి ఖాళీగా వెళ్లే లారీలను పక్కకు పడదోసే గాలి అది. అందుకే ఇప్పటికీ గాలి ముదిరిన రోజుల్లో బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ ఉన్న బండ్లను ఆ ముక్క మీదికి రానివ్వరు.

దీనికి మంచు తోడవుతుంది. ఇక్కడ మనం ఒకటి గమనించాలి. ఆ రోడ్డు మీద ఆపద ఆకాశంలోంచి పడే మంచుతో కాదు, నేల మీద నుంచి లేచే మంచుతో. ఎప్పుడో పడి బయళ్లలో పొడిగా ఉన్న మంచును గాలి లేపి, నేలకు దగ్గరగా తోసుకుపోతుంది. పైన ఎండ కాస్తూ ఉంటుంది, నీలాకాశం కనబడుతూ ఉంటుంది, కారులో ఉన్నవాడికి ముందున్న లారీ వెనక దీపాలు కనబడవు. రోడ్డు ఎక్కడ గట్టు మధ్యలోంచి పోతే అక్కడ ఆ మంచు వచ్చి కూరుకుంటుంది. ఎక్కడ నున్నగా ఉంటే అక్కడ గడ్డకట్టి అద్దమవుతుంది.

1970 అక్టోబరు 3న ఆ 77 మైళ్ల ముక్కను ప్రారంభించారు. కొద్ది రోజులకే మొదటి మంచుతుపాను వచ్చింది, బండ్లు గుద్దుకున్నాయి, దారి మూశారు. ఆ చలికాలమంతా అదే వరస. అవి వియత్నాం యుద్ధం రోజులు. హో చి మిన్ ట్రెయిల్ అనే పేరు అమెరికా పత్రికల్లో రోజూ కనబడేది. లారీ డ్రైవర్లు ఈ రోడ్డుకు స్నో చి మిన్ ట్రెయిల్ అని పేరు పెట్టారు. ఆ పేరే స్థిరపడిపోయింది. రాష్ట్ర చరిత్ర పుస్తకాల్లో కూడా అదే పేరు.

దారి వేసేశాక వెనక్కి తీయలేరు. మరి ఏం చేయాలి? ఇక్కడ రోనాల్డ్ టాబ్లర్ అనే ఆయన గురించి చెప్పకుండా ఉండలేను. ఆయన కేంద్ర అటవీశాఖలో పనిచేసే శాస్త్రవేత్త, లారమీలోనే ఉండేవాడు. గాలికి కొట్టుకొచ్చే మంచును కంచెలు కట్టి ఆపవచ్చని, అయితే ఎలాపడితే అలా కట్టిన కంచె మేలు కంటే కీడే చేస్తుందని ఆయన ఏళ్లతరబడి కొలిచి తేల్చాడు.

చాలామంది కంచె అంటే గాలిని పూర్తిగా ఆపే గోడ అనుకుంటారు. గోడ కడితే గాలి దాని మీదుగా ఎగిరి అవతల సుళ్లు తిరుగుతుంది, మంచు కొంచెమే ఆగుతుంది. టాబ్లర్ కంచెలో చెక్కకూ సందుకూ సమంగా చోటుంటుంది. సగం గాలి లోపలినుంచి పోతుంది, వేగం మాత్రం తగ్గిపోతుంది. వేగం తగ్గిన గాలి మంచును మోయలేక అక్కడే వదిలేస్తుంది. కంచె అడుగున కొంత ఖాళీ వదలాలి, లేకపోతే కంచే మంచులో కూరుకుపోతుంది. ఐ-80 పక్కన కట్టిన పెద్ద కంచెల ఎత్తు పధ్నాలుగు అడుగులకు కాస్త తక్కువ, గాలి పోయే వైపుకు కొంచెం వాలి ఉంటాయి. ఇక అన్నిటికంటే ముఖ్యమైన లెక్క, కంచె రోడ్డుకు ఎంత దూరంలో ఉండాలన్నది. కంచె వెనక పేరుకునే మంచుదిబ్బ దాని ఎత్తుకు ముప్పై అయిదు రెట్ల పొడవు దాకా పెరగవచ్చు. అంటే నాలుగు మీటర్ల కంచెకు నూట నలభై మీటర్లు. అంతకంటే దగ్గరగా కడితే ఆ దిబ్బ రోడ్డు మీదికే వస్తుంది. గట్ల వాలు తగ్గించి, రోడ్డును చుట్టుపక్కల నేలకంటే కాస్త ఎత్తుగా వేస్తే మంచు నిలవదని కూడా ఆయనే చూపాడు. దారి మీదికి వచ్చిన మంచును యంత్రాలతో తోడడానికి అయ్యే ఖర్చు, దాన్ని కంచెతో ముందే ఆపడానికి అయ్యే ఖర్చుకు దాదాపు నూరు రెట్లని ఆయన లెక్కగట్టాడు.

1971లో మొదటి కంచెలు లేచాయి. తర్వాత మైళ్లకు మైళ్లు కట్టారు. కంచెలున్న చోట ప్రమాదాలు తగ్గాయి, దారి మూసే గంటలు తగ్గాయి. ప్రపంచంలో మంచు కురిసే దేశాలు చాలా ఈ వైయోమింగ్ పాఠం నేర్చుకున్నాయి. ఈ రోడ్డు వల్ల లోకానికి జరిగిన మేలు ఇది. అయినా నన్నడిగితే, ఆ పాఠానికి చెల్లించిన ధర చాలా ఎక్కువ. కంచె మంచును ఆపుతుంది గాని గాలిని ఆపదు.

ఆ గాలినే ఇంకొకరు వెతుక్కుంటూ వచ్చారు. 1990ల చివర ఆర్లింగ్టన్ దగ్గర ఫుట్ క్రీక్ రిమ్ అనే మెట్ట మీద వైయోమింగ్‌లో మొదటి పెద్ద గాలిమరల కేంద్రం పెట్టారు. దేశమంతా వెతికినా అంత బలమైన గాలి ఎప్పుడూ ఉండే చోటు దొరకడం కష్టం. రోడ్డు మీద నుంచే ఆ మరలు కనబడతాయి. కరెంటు కంపెనీ గాలి ఎక్కడ ఎంత వీస్తుందో ముందు కొలిచి, ఆ తర్వాత స్తంభం పాతింది. రోడ్డు వేసినవాళ్లు ఆ పని చేయలేదు.

దారి మారాక పాత వంపు మీది ఊళ్లు ఏమయ్యాయో కూడా చెప్పాలి. రాక్ రివర్, మెడిసిన్ బోల పక్కనుంచి రైళ్లు ఇప్పటికీ పోతాయి, ఆగవు. కార్లు రావడం మానేశాయి. పెట్రోలు బంకులు, హోటళ్లు, చిన్న చిన్న బసలు ఒకటొకటిగా మూతపడ్డాయి. మెడిసిన్ బోలో ఇప్పుడు మూడువందల మంది కూడా లేరు. ఆ పక్కనే కోమో బ్లఫ్ అనే గట్టులో 1877లో రాక్షసబల్లుల ఎముకలు బయటపడ్డాయి. ఆ ఎముకలు పెద్ద పెద్ద నగరాల మ్యూజియాల్లో ఉన్నాయి. వాటిని ఇచ్చిన ఊరికి యాత్రికుణ్ణి చేర్చే పెద్ద దారి లేకుండా పోయింది. ఇరవై మైళ్లు తగ్గించుకున్నప్పుడు ఈ ఊళ్ల జీవనం ఏ లెక్కలోనూ పడలేదు.

వాల్కాట్ దాటాక ఐ-80 మళ్లీ రైలు దారి వెంటే పోతుంది. రాలిన్స్ తర్వాత గ్రేట్ డివైడ్ బేసిన్ అనే విచిత్రమైన పళ్లెం వస్తుంది. అమెరికాలో పడే వాన కొంత తూర్పు సముద్రానికి, కొంత పడమటి సముద్రానికి పోతుంది. ఈ పళ్లెంలో పడ్డ చుక్క ఏ సముద్రానికీ పోదు, అక్కడే ఇంకిపోతుంది, లేదా ఆవిరవుతుంది. అందుకే రోడ్డు మీద నీటి విభాజకం బోర్డు రెండుసార్లు వస్తుంది. ఆ తర్వాత రాక్ స్ప్రింగ్స్. బొగ్గు ఊరు. 1885 సెప్టెంబరు 2న ఆ ఊళ్లో తెల్ల గనికార్మికులు చైనా కార్మికుల మీద పడి 28 మందిని చంపారు, ఇళ్లు తగలబెట్టారు. ఎవరికీ శిక్ష పడలేదు. పొట్టకూటికి పరదేశం పోయినవాళ్ల చరిత్ర మనకూ సంబంధించినదే కాబట్టి ఆ ఊరు దాటేటప్పుడు మనవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలని నా కోరిక.

ఆపైన గ్రీన్ రివర్. అక్కడి నేల అడుగున ట్రోనా అనే ఖనిజం ఉంది. ప్రపంచంలో అతిపెద్ద నిల్వ అదే. దాన్నుంచి వచ్చే సోడాబూడిదను గాజుకూ, బట్టల సబ్బుపొడికీ వాడతారు. 2008లో మన టాటా కెమికల్స్ అక్కడి గని కంపెనీ ఒకదాన్ని కొన్నది. గ్రీన్ రివర్ పక్కనే కొండను తొలిచి రెండు సొరంగాలు వేశారు, 1960లలో. 2025 ఫిబ్రవరి 14న పడమరకు పోయే సొరంగంలో 26 వాహనాలు గుద్దుకుని మంటలు లేచి ముగ్గురు చనిపోయారు. అక్కడినుంచి రోడ్డు ఫోర్ట్ బ్రిడ్జర్ మీదుగా ఎవాన్‌స్టన్ దగ్గర యూటా రాష్ట్రంలోకి దాటుతుంది.

ఈ రోడ్డు మీద నడిచేవాటిలో చాలాచోట్ల సగం లారీలే. వాటిలో చాలా వాటికి వైయోమింగ్‌తో పనిలేదు. కాలిఫోర్నియా రేవుల్లో దిగిన సరుకు తూర్పుకు, తూర్పున తయారైన సరుకు పడమరకు. రోడ్డు అరిగేది వైయోమింగ్‌లో, లాభం ఇంకెక్కడో. అందుకే టోల్ పెడదామన్న మాట పలుమార్లు వచ్చింది. శాసనసభ ఒప్పుకోలేదు. ఈ లారీలు నడిపేవాళ్లలో పంజాబీలు చాలామంది. లారమీకి పడమరగా ఒక లారీల మజిలీలో వేడి వేడి పంజాబీ వంట దొరుకుతుంది. ఎల్క్ మౌంటెన్ గాలి ఎదుర్కోబోయేవాడికి ముందు కడుపు నిండా పప్పూ రొట్టే పెట్టే చోటు అది.

లారీలు, గాలి, మంచు కలిస్తే ఏమవుతుందో 2020 మార్చి 1న వాంసటర్ అనే ఊరి దగ్గర చూశాం. వందకు పైగా వాహనాలు ఒకదాని వెనక ఒకటి గుద్దుకున్నాయి, ప్రాణాలు పోయాయి. ముందున్నది కనబడనప్పుడు వెనకవాడు బ్రేకు వేసేలోగానే ఇంకొకడు వచ్చి పడతాడు. ఇలాంటివి జరగకుండా చూడడానికే 2009లోనే ఎల్క్ మౌంటెన్ ముక్క మీద వేగ పరిమితిని వాతావరణాన్ని బట్టి మార్చే విద్యుత్ బోర్డులు పెట్టారు. మామూలుగా గంటకు డెబ్భై అయిదు మైళ్లు పోనిచ్చే చోట గాలి లేస్తే యాభై అయిదో, నలభై అయిదో అని వెలుగుతుంది.

అదీ చాలనప్పుడు గేట్లు వేస్తారు. మన రైల్వే గేట్ల వంటివే, ఊరి చివర రోడ్డుకు అడ్డంగా. లారమీ గేటు మూస్తే అక్కడ లారీలు నిలుస్తాయి. నిలిపే చోటు నిండిపోగానే వెనక ఊరి గేటు మూస్తారు, అదీ నిండితే ఇంకా వెనకది. అందుకే ఒక్కోసారి షయెన్‌లో ఎండ కాస్తున్నా గేటు వేసి ఉంటుంది. కోపం తెచ్చుకునేవాళ్లు చాలామంది. ముందు ఊళ్లో తలదాచుకునే చోటు లేదు కాబట్టి ఆపారన్నది వాళ్లకు తెలియదు.

మనుషులతో పాటు ఆ నేల మీద ఇంకొకరికి కూడా ఈ గీత అడ్డమయింది. ప్రాంగ్‌హార్న్ అనే మృగం, చూపులకు మన కృష్ణజింకలా ఉంటుంది. అమెరికా ఖండంలో అంత వేగంగా పరుగెత్తే జంతువు ఇంకోటి లేదు. చలికాలంలో మంచు తక్కువుండే చోట్లు వెతుక్కుంటూ మందలుగా కదులుతుంది. అంత పరుగెత్తగలిగినా కంచె దూకడం దానికి చేతకాదు, కిందినుంచి దూరాలని చూస్తుంది. ఐ-80కి రెండువైపులా తీగ కంచెలు, మధ్యలో ఆగని లారీలు. మందలు అటువైపువి అటే, ఇటువైపువి ఇటే ఉండిపోయాయి. మెడలకు జీపీఎస్ పట్టీలు కట్టి చూసిన శాస్త్రజ్ఞులకు రోడ్డు దాటే మృగం దాదాపు కనబడలేదు. అదే రాష్ట్రంలో ఉత్తరాన ఇంకో రోడ్డు మీద మృగాల కోసం వంతెనలు కడితే అవి చక్కగా వాడుకున్నాయి. ఐ-80 మీద కూడా అలాంటివి కట్టాలి. యాభై ఏళ్ల కిందటి తప్పులో ఇంకా దిద్దుకోగలిగిన భాగం అది.

నా అభిప్రాయం దాచుకోను. ఆ 77 మైళ్ల రోడ్డు అక్కడ వేయకుండా ఉండవలసింది. పశువుల రైతుల మాట విని, రైలు వంపునే పట్టుకుని ఉంటే ఇరవై మైళ్లు ఎక్కువయ్యేవి. రాక్ రివర్, మెడిసిన్ బో ఊళ్లు నిలిచేవి. చాలామంది ప్రాణాలతో ఉండేవారు. ఇంజనీర్లకు చదువు లేక జరిగిన పొరపాటు కాదిది. గ్యాంగ్‌ప్లాంక్‌ను అంత చక్కగా వాడుకున్నవాళ్లే వాళ్లు. నేల వాలును కొలిచే పరికరం వాళ్ల దగ్గర ఉంది. గాలిని ఏళ్లతరబడి కొలిచిన పరికరం అప్పటికి ఆ రైతుల జ్ఞాపకం ఒక్కటే. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇక మీలో ఎవరి పిల్లలైనా, బంధువులైనా అక్కడ ఉంటే వాళ్లకు ఈ నాలుగు మాటలు చెప్పండి. అక్టోబరు నుంచి మే దాకా వైయోమింగ్‌లో ఐ-80 ఎక్కేముందు 511కి ఫోన్ చేసి గాని, ఆ రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైట్‌లో గాని దారి తెరిచి ఉందో లేదో చూసుకోవాలి. ట్యాంకు సగానికి తగ్గనివ్వకూడదు. కారులో దుప్పట్లు, నీళ్లు, తిండి, టార్చిలైటు, మంచు తోడుకునే పార ఉండాలి. మంచులో చిక్కుకుంటే కారు వదిలి నడిచి వెళ్లకూడదు. హీటరు కోసం ఇంజను వేసినప్పుడల్లా పొగగొట్టం మంచుతో మూసుకుపోలేదని చూసుకోవాలి, లేకపోతే విషవాయువు లోపలికి వస్తుంది. గేటు వేసి ఉంటే పక్కదారి వెతకవద్దు, మూసిన రోడ్డు మీద బండి నడపడం అక్కడ నేరం. లారమీలోనో, రాలిన్స్‌లోనో ఆ రాత్రికి గది తీసుకుని పడుకోమనండి. ఉద్యోగంలో ఒకరోజు ఆలస్యంగా చేరినా ఏమీ కాదు.